హేరోదు లేని క్రిస్మసు

పండుగ పవిత్రమైనది గనుక అందు భయమునకును రక్తమునకును తావుండరాదని తలచు భక్తులు సర్వమతములందును కలరు. పాశ్చాత్య చిత్రకథాకారులు క్రిస్మసు తాతను, ఆయన చుట్టు అల్లుకొన్న జానపద గాథలను భీకరముగా చిత్రించుట చూచి అట్టివారు నొచ్చుకొనుట సహజమే. ఐనను ఆ చీకటి వెలుపలినుండి వచ్చినదా, మూలకథయందే కలదా యని ముందుగా విచారింపవలసియున్నది.

మత్తయి సువార్త రెండవ అధ్యాయమున, జ్ఞానులు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించి మరలిన పిమ్మట, బేత్లెహేము పరిసరములందు రెండేండ్లలోపు మగశిశువులనెల్ల హేరోదు చంపించిన వృత్తాంతము కలదు. పాశ్చాత్య సంఘములు ఆ శిశువుల స్మరణకై డిసెంబరు 28వ తేదీని ప్రత్యేకించినవి. కంసుని కథ వినుచు పెరిగిన తెలుగువారికి ఈ ఘట్టము క్రొత్తగా తోపదు. రక్షకుడు పుట్టెనని వినినంతనే సింహాసనము వణకుట రెండు కథలందును కాననగును.

ఆల్ప్సు పర్వతప్రాంతపు జానపదుల క్రాంపసు మాత్రము వేఱు జాతి చీకటి. డిసెంబరు 5వ తేదీ రాత్రి, సెయింట్ నికొలాసు మంచిపిల్లలకు కానుకలు పంచుచుండగా, కొమ్ములును గొలుసులును గల ఆ భూతము బరిగెలు ఝళిపించుచు అల్లరిపిల్లలను దండింప వచ్చును. ఇచట భయపడవలసినవాడు రాజు కాడు, బిడ్డ.

చిత్రకథలును ఈ రెండు త్రోవలలో నడచినవి. 1991లో డీసీ సంస్థ ప్రకటించిన లోబో క్రిస్మసు సంచికలో, ఈస్టరు కుందేలు లోబో యను కిరాయి హంతకుని కుదిర్చి తాతనే చంపించును. పండుగ అంగడిసరకైనందుకు అది ఎత్తిపొడుపు కావచ్చును గాని, చిందిన రక్తమునకై విలపించువారు అందు లేరు. 2015లో గ్రాంట్ మారిసన్ రచించి డాన్ మోరా చిత్రించిన క్లాస్ అట్టిది కాదు: ఒక నగరపాలకుడు బొమ్మలన్నింటిని తన కుమారునికే దక్కించి, పురజనుల బిడ్డలకు ఆటను నిషేధింపగా, అడవినుండి వచ్చిన వీరుడొకడు ఆ శాసనమును ధిక్కరించును. చీకటి దట్టమైనదే, కాని దోషి బిడ్డ కాడు, పాలకుడు.

ఈ వివేచనకు పల్నాటివారు దూరదేశపు గ్రంథములను ఆశ్రయింపనక్కరలేదు. కారెంపూడిలో కార్తికామావాస్య మొదలుకొని ఐదు దినములు సాగు వీరారాధనమునందు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు వరుసగా జరుగును. పల్నాటి యుద్ధగాథలో రాయబారియై వెళ్ళిన అలరాజు విషప్రయోగమునకు బలియైన దుఃఖమును వీరవిద్యావంతులు గానము చేయుదురు. ఆ కథను పిల్లలు వినరాదని ఎవరును వారి చెవులు మూయరు. అదే ఉత్సవమునందు, మందపోరు నాడు, బ్రహ్మనాయుడు కులభేదము విడిచి అందరిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టిన చాపకూటి స్మరణయు జరుగును. చనిపోయినవాని పేరు మఱువకుండుట, చంపించినవారి పాపమును దాచకుండుట, ఆ పాపమునకు ఎదురైన ధర్మమును చూపుట: ఈ మూడును గల భీకరకథ భక్తికి విరోధి కానేరదు.

పాదరి హేయర్ 1849లో గురజాలకు వచ్చి సేవ సాగించిన నాటినుండి ఈ సీమలో క్రిస్మసు వేళ్ళూనినది. నేడు నరసరావుపేట, మాచర్ల వీథులలో ఇండ్లపై నక్షత్రదీపములు వెలుగును. క్యారల్స్ బృందములు ఇంటింట పాడును. దేవాలయములలో పిల్లలు గొల్లలుగ, జ్ఞానులుగ వేషములు కట్టుదురు. ఆ నాటకమునుండి హేరోదును తొలగింపవలదని నా మనవి. అతడు లేనియెడల, యోసేపు తల్లీబిడ్డలను వెంటబెట్టుకొని రాత్రివేళ ఐగుప్తునకు పారిపోవుటకు కారణమే యుండదు; దేవుడు వలసపోవలసిన కుటుంబమున జన్మించెనను మహావాక్యము మూగపోవును.

బిడ్డను బెదిరించి వినయము నేర్పు చీకటిని పండుగనుండి వెడలగొట్టుదము. ఏలయన అది బలవంతుల చేతి బరిగె. బిడ్డలను చంపించిన రాజును పేరుపెట్టి నిలదీయు చీకటిని మాత్రము మన పిల్లలకు వెఱపులేక వినిపింతము. అది లేక శాంతివార్త అర్థము కాదు.