గిటారు మీద నేరం

1987లో రన్‌రిగ్ అనే స్కాటిష్ బృందం ‘ద కట్టర్ అండ్ ద క్లాన్’ పేరుతో ఒక ఆల్బమ్ తెచ్చింది. 1973లో స్కై దీవిలో, ఊళ్లలో జరిగే నాట్యాలకు వాయించే మేళంగా మొదలైన బృందం అది. 1978లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘ప్లే గేలిక్’ మొత్తం ఆ ప్రాంతపు దీవుల్లో మాట్లాడే గేలిక్ భాషలోనే సాగుతుంది. తొమ్మిదేళ్లు గడిచేసరికి ఎలక్ట్రిక్ గిటార్లూ సింథసైజరూ ముందుకొచ్చాయి, పాటలు చాలావరకు ఇంగ్లీషులోకి మారాయి. చివరి పాట గేలిక్‌లోనే ఉంది. మొదట సొంత లేబుల్ మీద, తర్వాత క్రిసాలిస్ కంపెనీ ద్వారా ఈ ఆల్బమ్ జనంలోకి వెళ్లింది. ఇలాంటి ఆల్బమ్ గురించి విన్నవాళ్ల అభిప్రాయాలు ఎప్పుడూ మూడు దారుల్లో పోతాయి. దీవుల పాటను అమ్మకానికి పెట్టారని కొందరు కోప్పడతారు. ఇది రాకపోతే గేలిక్ అనే భాష ఒకటుందని కూడా తమకు తెలిసేది కాదని కొందరంటారు. ఇంకొందరికి ఆ గొడవే పట్టదు, బాగుంటే వింటారు. ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడం నా ఉద్దేశం కాదు. అసలు వీటిలో నిజమనీ అబద్ధమనీ అనదగ్గది ఏమైనా ఉందా, లేక ఎవరి నాలుక వాళ్లదేనా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నను బాగా పట్టుకున్నవాడు కూడా స్కాట్లాండు వాడే కావడం విశేషం. ఎడిన్‌బరోకు చెందిన డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచికి ప్రమాణం ఉందా అని ఒక వ్యాసం రాశాడు. అందులో ‘డాన్ క్విక్సోట్’ నుంచి ఒక కథ తీసుకున్నాడు. ఇద్దరు రుచిగాళ్లు ఒక పీపాలోని ద్రాక్షసారా చప్పరిస్తారు. బాగుంది గానీ తోలు వాసనేదో తగులుతోందంటాడు ఒకడు. కాదు, ఇనుము రుచి అంటాడు రెండోవాడు. ఊరంతా నవ్వుతుంది. పీపా ఖాళీ చేసి చూస్తే అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. అభిరుచి మనసులోదే అయినా, దాన్ని కదిలించే వస్తువు బయట ఉంటుందని, దాన్ని పట్టగలిగే సూక్ష్మత అందరికీ సమానంగా ఉండదని హ్యూమ్ చెప్పదలచుకున్నాడు. మన ఆలంకారికులు సహృదయుడి మీద పెట్టిన బాధ్యత ఇంచుమించు ఇదే. ఈ కొలతతో చూస్తే రన్‌రిగ్ మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి తాళంచెవి ఇట్టే దొరుకుతుంది. డ్రమ్ముల ప్రతిధ్వని మరీ పెద్దదనీ, అది 1980ల నాటి స్టూడియో అలవాటనీ, సింథసైజరు పొర మీద పడి అకార్డియన్ గొంతు సన్నగిల్లిందనీ అంటే, రికార్డు పెట్టి వేలు చూపించవచ్చు. కాని ‘ఇది అసలైన జానపదం కాదు’ అన్న తీర్పు ఏ పీపాలో ఏ తాళంచెవి గురించి? దాన్ని ఎక్కడ వెతకాలి?

మొదట అందరూ వెతికే చోటు గతం. కలగాపులగం కాకముందు ఒక స్వచ్ఛమైన పాట ఉండేదని, దానికీ దీనికీ ఉన్న దూరమే తప్పు కొలతని అనుకుంటాం. చరిత్ర తవ్వితే ఆ స్వచ్ఛత వెనక్కి వెనక్కి జరిగిపోతుంది. ఎడిన్‌బరోలో జార్జ్ థామ్సన్ అనే సంకలనకర్త స్కాటిష్ బాణీలను హైడన్‌కూ బీథోవెన్‌కూ పంపి పియానో, వయొలిన్, చెల్లో తోడుగా రాయించాడు. బీథోవెన్ చాలా బాణీలకు సాహిత్యం ఏమిటో తెలియకుండానే వియన్నాలో కూర్చుని కూర్పు చేశాడు. గిటారు పుణ్యమా అని పాడైందంటున్న పాట అప్పటికే పియానో చేతిలో పడి రెండు వందల ఏళ్లు కావస్తోందన్నమాట. ఇంతకన్నా గట్టి సాక్ష్యం చర్చిలో ఉంది. ఆ దీవుల్లోని ప్రెస్బిటేరియన్ ఆరాధనలో గేలిక్ కీర్తనలు పాడే తీరు విన్నవాళ్లు ఇంతకు మించిన ప్రాచీన ధ్వని ఉండదనుకుంటారు. వాద్యం లేదు, తాళం లేదు. ముందు ఒకరు చరణం అందిస్తారు. సభ అందుకుని దాన్ని మెల్లగా సాగదీస్తుంది. ఎవరి గమకం వాళ్లది, ఎవరి ఊపిరి వాళ్లది. ఒకరు స్వరం చేరేలోపు పక్కవాళ్లు దాని చుట్టూ తిరిగి వస్తుంటారు, అన్ని గొంతులూ కలిసి అలలాగా పైకి లేచి కిందికి దిగుతాయి. కాని ఆ కీర్తనల వరసల్లో చాలావాటి పుట్టుక దక్షిణాన స్కాట్లాండు పల్లపు ప్రాంతంలోనో ఇంగ్లండులోనో ఉంది. ఒకరు అందిస్తే సభ అందుకునే పద్ధతి కూడా, పుస్తకాలూ చదువూ లేని సభికుల కోసం 17వ శతాబ్దంలో ఇంగ్లండులో వాడుకలో ఉన్నదే. గేలిక్‌లో ఛందోబద్ధమైన కీర్తనల తొలి సంపుటి 1659లో అచ్చయింది. అత్యంత స్వదేశీగా వినిపించేది కూడా దిగుమతి సరుకే. దాన్ని ఆ సభ తన నోటితో తనదిగా చేసుకుంది.

ఈ చివరి మాటలోనే నా వాదం ఉంది. 1954లో అంతర్జాతీయ జానపద సంగీత మండలి జానపద గీతానికి ఒక నిర్వచనం ఇచ్చింది. గతంతో కొనసాగింపు, పాడేవాళ్ల చేతిలో మార్పు, సమూహం చేసే ఎంపిక అని మూడు గుణాలు చెప్పింది. ఒకరు రాసిన పాటైనా సమూహం నోళ్లలోకి చేరి అక్కడ మారుతూ బతికితే జానపదమే అవుతుందని కూడా ఒప్పుకుంది. నిర్వచనం పాతదే, దాంతో తగువు పెట్టుకున్న పండితులూ ఉన్నారు. అయినా అందులో ఒక మాట తత్త్వపరంగా చాలా లోతైనది: వినేవాళ్ల ఎంపిక పాటకు బయట జరిగేది కాదు. సింఫొనీ విని బాగా లేదంటే సింఫొనీ మారదు. జానపద గీతం విన్న ఊరు దాన్ని మళ్లీ పాడకపోతే ఆ పాట ఇక లేదు. పాడుతూ ఒక చరణం వదిలేస్తే ఆ చరణం లేని పాటే అసలు పాట. అంటే ఇక్కడ విన్నవాళ్ల అభిప్రాయం పాట తయారీలో ఆఖరి పని. కాబట్టి ‘ఇది అసలైనదేనా’ అన్న ప్రశ్నకు సమాధానం గిటారులోనూ దొరకదు, గతంలోనూ దొరకదు. పాట ఆ తర్వాత ఎవరి నోట్లోకి వెళ్లింది, అక్కడ ఏమైంది అన్నదాన్ని బట్టి దొరుకుతుంది.

ఇలా చూస్తే కోప్పడిన శ్రోత బాధ నిజమే, వేలు చూపించిన చోటే తప్పు. ఆయనకు ఏదో పోయిందనిపించింది. పోయింది కూడా. కాని దాన్ని పట్టుకెళ్లింది గిటారు కాదు, రికార్డు. అచ్చయిన ఆల్బమ్‌లో పాట ఒకే రూపంలో గడ్డకడుతుంది. ఎన్నిసార్లు పెట్టినా అదే గొంతు, అదే విరుపు. కీర్తన పాడే సభలో ఉన్న మార్పు అక్కడ ఆగిపోతుంది. ఈ సంగతిని చాలా ముందే కనిపెట్టినావిడ ఉంది. రచయిత వాల్టర్ స్కాట్ 1802లో స్కాట్లాండు-ఇంగ్లండు సరిహద్దు గాథలను సేకరించి అచ్చు వేసినప్పుడు, ఆయనకు గాథ పాడి వినిపించిన మార్గరెట్ లెయిడ్‌లా మెచ్చుకోలేదు. అవి పాడుకోవడానికి ఉన్నవి గాని చదువుకోవడానికి కాదని, అచ్చుతో వాటిని పాడు చేశావని మొహం మీదే చెప్పిందని ఆమె కొడుకు, కవి జేమ్స్ హాగ్ రాశాడు. ఆమె ఫిర్యాదు ఏ వాద్యం మీదా కాదని గమనించాలి. గిటారును తిట్టిపోసి, అదే పాటను ఫిడేలుతో రికార్డు చేస్తే పవిత్రమని నెత్తిన పెట్టుకునేవాళ్లు ఆమె ముందు నిలబడలేరని నా అనుమానం.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ ఒకటుంది. సమూహం ఎంపికే ప్రమాణమైతే ఎక్కువ అమ్ముడైనదే గొప్పదవుతుంది కదా? 1995లో ఇదే ఆల్బమ్ చివరి గేలిక్ పాట ‘అన్ ఉవల్ అస్ ఆర్జ’ ఒక కార్ల్స్‌బర్గ్ బీరు ప్రకటనలో వినిపించి, బ్రిటన్ అమ్మకాల పట్టికలో 18వ స్థానానికి ఎక్కింది. ఒక స్కాటిష్ గేలిక్ పాట మొదటి ఇరవైలోకి రావడం అదే మొదలు. బీరు కంపెనీ ఎంపికను సమూహం ఎంపిక అందామా? అనకూడదు. కొనడం వేరు, ఎత్తుకోవడం వేరు. కొన్నవాడు పాటను యథాతథంగా ఇంటికి తీసుకెళతాడు. ఎత్తుకున్నవాడు దాన్ని తన పనికి వాడుకుంటాడు, వాడే క్రమంలో మారుస్తాడు. ‘లాక్ లోమండ్’ సంగతి చూడండి. రన్‌రిగ్ 1979లో తమ రెండో ఆల్బమ్‌లో ఈ పాత పాటను ఎలక్ట్రిక్ గిటార్లతో పాడింది. ఇవాళ స్కాట్లాండులో పెళ్లి విందు నాట్యాలు ముగిసే వేళ చాలాచోట్ల పెట్టేది వాళ్ల రూపాన్నే. అతిథులు చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు, వధూవరులు మధ్యలో ఉంటారు. నెమ్మదిగా మొదలైన పాట వేగం అందుకోగానే వలయమంతా కేకలు వేస్తూ లోపలికి దూసుకొస్తుంది, మళ్లీ వెనక్కి తగ్గుతుంది. రికార్డు ఏం పాడుతున్నా జనం తమ గొంతు దాని మీద పరుస్తారు. ఆ వలయం, ఆ పరుగు రన్‌రిగ్ రాసినవి కావు. గడ్డకట్టిన పాటను పెళ్లివారు కరిగించి మళ్లీ పారించారు. హ్యూమ్ కోరిన సూక్ష్మమైన విమర్శకుడు ఇక్కడ ఒక్కడు కూడా లేకపోవచ్చు. ఆయన ప్రమాణం విడిగా నిలబడే కళాఖండానికి బాగా పనికొస్తుంది. డ్రమ్ముల మోత సరిపోయిందో లేదో చెప్పడానికి ఆయన మనిషే కావాలి. పాట జానపదమో కాదో చెప్పడానికి మాత్రం పాడే మనిషి చాలు.

దీనికన్నా బలమైన ఆక్షేపణ మరొకటి ఉంది, దాన్ని అంత తేలిగ్గా దాటలేం. సమూహం అంటున్నారే, ఏ సమూహం? 1891 జనాభా లెక్కల్లో స్కాట్లాండులో గేలిక్ వచ్చినవాళ్లు రెండున్నర లక్షల పైచిలుకు ఉంటే, 2001 నాటికి 59 వేల లోపే మిగిలారు. పెళ్లి వలయంలో కేకలు వేస్తున్నవాళ్లలో చాలామందికి ఆ భాష రాదు. పాడుతున్నది కూడా ఇంగ్లీషు, దానికి దగ్గరైన స్కాట్స్ భాష మాటలు కలిసిన పాట. ఎత్తుకునేవాళ్ల లెక్కే ప్రమాణమైతే ఇంగ్లీషు పాట ఎప్పుడూ గెలుస్తుంది, గేలిక్ పాట దాని చాటున ఓడిపోతూనే ఉంటుంది. దీవుల నుంచి వచ్చిన శ్రోత ఆల్బమ్‌లో భాష మారిందని బాధపడినప్పుడు అది వాద్యాల మీద చాదస్తం కాదు. గేలిక్ మాట్లాడే నోళ్లు తగ్గిపోతున్నప్పుడు ఎంపిక చేసే హక్కే చేజారుతోందన్న ఫిర్యాదు అది. ఈ మాట ఒప్పుకోక తప్పదు. అందుకే వినేవాళ్లందరి ఓటుకూ ఒకే విలువ ఇవ్వలేను. గేలిక్ పాట విషయంలో గేలిక్‌లో పాడేవాళ్ల ఎంపికకు ఎక్కువ బరువుండాలి. వాళ్లు మేలైన అభిరుచి గలవాళ్లని కాదు, ఆ పాటను మార్చి ముందుకు పంపగలిగింది వాళ్లే కాబట్టి. మిగతావాళ్లు దాన్ని ప్రేమించగలరు, కొనగలరు, రికార్డు విని ధ్వనిని అనుకరించగలరు, ఒక చరణం వదిలేసి కొత్తది అల్లలేరు. అల్లాలంటే భాష నేర్చుకోవాలి. కొందరు నేర్చుకోవడానికి ఈ బృందమే కారణమైతే, గేలిక్ ఉందని దీనివల్లే తెలిసిందన్న రెండో రకం శ్రోతల మాటకు విలువ అక్కడే వస్తుంది. స్కై దీవిలో రన్‌రిగ్ పుట్టిన ఏడాదే, 1973లోనే, గేలిక్ మాధ్యమంలో చదువు చెప్పే సబల్ మోర్ ఓస్టెగ్ కళాశాల కూడా ఒక పాత కొట్టంలో మొదలైంది. గిటారు విని ఆ తలుపు దాకా వెళ్లినవాళ్ల విషయంలో ఆల్బమ్ మీద తీర్పు ఇంకా వెలువడలేదు. వాళ్లు ఇకముందు ఏం పాడతారో, ఆ పాటలో ఏం మారుస్తారో చూడాలి.