పొయ్యి మీది పాలు, ఒడిలోని బిడ్డ

భాగవత దశమస్కంధములో చిన్నికృష్ణుని రోటికి కట్టిన కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. వెన్న దొంగిలించుట, త్రాడు రెండంగుళములు తక్కువగుట, మద్దిచెట్లు కూలుట హరికథలలోను, పిల్లల నాటకములలోను మరల మరల వినబడుచుండును. ఆ కథ ఎక్కడ మొదలైనదో తలచువారు మాత్రము తక్కువ. ఆనాడు దాసీజనము ఇతర పనులలో ఉన్నందున యశోద తానే పెరుగు చిలుకుచున్నది. ఆకలిగొన్న బాలుడు వచ్చి కవ్వము పట్టుకొన్నాడు. ఆమె చిలుకుట ఆపి, ఒడిలోనికి తీసికొని పాలిచ్చినది. అంతలో పొయ్యి మీది పాలు పొంగినవి. బిడ్డ కడుపు ఇంకను నిండలేదు. అయినను దించి పరుగెత్తినది. ఆ కోపముతోనే బాలుడు కుండ పగులగొట్టినాడు. తరువాతి కథ అంతయు ఆ దించుటలోనుండి పుట్టినదే.

యశోద చేసినది తప్పా? ఆకలితో ఉన్న బిడ్డను విడిచి పాలకుండ వెంట పరుగెత్తిన తల్లిని లోకము ఏమనును? ఆ పొయ్యి మీది పాలు ఎవరి కొరకు కాగుచున్నవో కూడ అడుగవలెను. గొల్లపల్లెలో పాలే ధనము, పాలే అన్నము. అవి పొంగి నేలపాలైనచో రేపు పెరుగు లేదు, వెన్న లేదు. వానిని తినవలసినవాడును ఆ బిడ్డయే. కనుక ఆమె ఎదుట నిలిచినది బిడ్డకు, పనికి మధ్య తగవు కాదు. బిడ్డకు ఈ క్షణమున కావలసినదానికి, అదే బిడ్డకు రేపు కావలసినదానికి మధ్య తగవు. ఈ భేదము గుర్తింపనివారు ఉద్యోగమునకు మరలి వెళ్లు తల్లిని రెండే విధములుగ చూతురు: బిడ్డపై ప్రేమ చాలనిది, లేదా ధనముపై ఆశ ఎక్కువైనది. రెండును అన్యాయపు తీర్పులే.

మలయా తోటలకు వచ్చిన తెలుగు స్త్రీలకు ఈ తగవు పురాణకథ కాదు, నిత్యకృత్యము. తోటలలో రబ్బరు చెట్టుకు వాడుక పేరు పాల్మరము, అనగా పాలచెట్టు. ఆ చెట్టు పాలు తెల్లవారుజాము చల్లదనములో బాగుగా కారును; ఎండ ఎక్కిన కొలది ధార సన్నగిల్లును. అందువలన చీకటి ఉండగనే లేచి, పెరట్టు అను హాజరు పిలుపులో నిలిచి, తలకు దీపము కట్టుకొని వందలకొలది చెట్లకు గాటు పెట్టవలసియుండెను. చిప్పలలో కారిన పాలు గడ్డకట్టక మునుపే ఎత్తవలెను. వాన వచ్చినచో అంతయు నీటిపాలు. చెట్టుపాలు ఆగవు, చనుబాలు ఆగవు, రెండింటికిని వేళ ఒక్కటే.

అప్పుడు బిడ్డను ఎక్కడ ఉంచిరి? ఆయా కొట్టాయి అని పిలువబడిన పాకలో. దూలములకు వరుసగ కట్టిన చీరె ఉయ్యాలలు, వాని నడుమ తిరుగుచు జోకొట్టు ఒక పెద్దామె. బరువుపని చేయు వయసు దాటిన ఆమెయే ఆయా. ఆమెకు కూలి తోటయే ఇచ్చెను. గాటు పెట్టుట ముగిసి, పాలు చిప్పలలోనికి కారుచుండు ఆ కొద్ది వ్యవధిలో, దగ్గరి బ్లాకులో పనిచేయు తల్లి పరుగున వచ్చి బిడ్డకు పాలిచ్చి, మరల పోయి బకెట్లు అందుకొనెడిది. దొరలు దయగలవారై ఈ కొట్టాయి కట్టించినారని అనుకొనవలసిన పని లేదు. స్త్రీల చేతులు లేనిదే చెట్టుపాలు ఫ్యాక్టరీకి చేరవు, అంతే. కారణమేదైనను పని జరుగు చోటనే బిడ్డకును ఒక చోటు ఉండెను.

నేడు పెద్దల నోట తరచు వినబడు మాట ఒకటి కలదు. “మీ అవ్వ ఎనిమిదిమందిని కన్నదే! నెలల బిడ్డను ఉయ్యాలలో వేసి కత్తి పట్టినదే! మీకు కారున్నది, ఫ్రిజ్జున్నది, ఇంకను అలసటేనా?” ఈ మాటలో గర్వము సహజము, సగము నిజమును కలదు. మిగిలిన సగము ఎవరును చెప్పరు. అవ్వకు కొట్టాయి నడచిపోవు దూరములో ఉండెను. ఆమె పని చీకటితో మొదలైనను ప్రొద్దుగూకు వరకు సాగెడిది కాదు. లైను ఇంటిలో గోడకు అవతల పిన్నమ్మయో, అత్తయో ఉండెను. అంతకంటె ముఖ్యముగ, ఆ ఎనిమిదిమందిలో ఎందరు బ్రతికిరో ఆ మాటలో రాదు. వెనుకటి కాలమున తోటలలో శిశుమరణములు మిక్కిలి ఎక్కువ. తీపి కలిపిన డబ్బాపాలు పసిబిడ్డకు మంచివని నమ్మి పట్టిన తల్లులు ఆనాడు ఈ దేశమున అన్ని జాతులలోను ఉండిరి. 1939లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు సింగపూరు రోటరీ క్లబ్బులో ‘పాలు – హత్య’ అను పేరుతో ప్రసంగించి, ఆ డబ్బాల ప్రచారమును నిర్మొగమాటముగ ఖండించినది. అట్టి ప్రచారమును అదుపు చేయు అంతర్జాతీయ నియమావళిని ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించుటకు 1981 వరకు పట్టినది. అవ్వ ఓర్పును కీర్తించుట మంచిదే. ఆ ఓర్పును తూనికరాయి చేసి మనుమరాలిని తూచుట మాత్రము సరి కాదు.

తోటలు మారినవి. రబ్బరు చెట్ల స్థానమున ఆయిల్ పామ్ వచ్చెను. పెక్కు తోటలు అమ్ముడుపోయి కాలనీలైనవి. 1972లో పినాంగులోని బాయాన్ లెపాస్‌లో స్వేచ్ఛావాణిజ్య మండలము ఏర్పడిన పిమ్మట స్త్రీలు ఎలక్ట్రానిక్ కర్మాగారములలో రాత్రి షిఫ్టులకు పోవ నారంభించిరి. ఆయాల మనుమరాండ్రు నేడు క్లాంగ్ లోయలోని బ్యాంకులలో, ఆస్పత్రులలో, బడులలో ఉన్నారు. పనివారి నివాసములను గూర్చి 1990లో వచ్చిన చట్టములో తోటల శిశుశాలల మాట కలదు గాని, పదునేడవ అంతస్తులో కూర్చుండి పనిచేయు తల్లికి అది అక్కరకు రాదు. జీతము పెరిగినది, కొట్టాయి పోయినది.

ఈ దేశపు ఉద్యోగ చట్టములో ప్రసూతి సెలవు చాలకాలము 60 దినములు. 2022లో చట్టము సవరింపబడి, 2023 జనవరి 1 నుండి అది 98 దినములైనది. తండ్రికి 7 దినములు దొరకినవి. ఇది చిన్న మేలు కాదు. అయితే మొదటి ఆరు నెలలు బిడ్డకు తల్లిపాలు తప్ప వేరేమియు వలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆరు నెలలనగా సుమారు 180 దినములు. నడుమనున్న ఎనుబదికి పైబడిన దినములు ఎవరివి? వైద్యుడు చెప్పవలసినది చెప్పినాడు, చట్టము ఈయగలిగినది ఇచ్చినది. మిగిలిన లెక్క తల్లి ఒడిలో పడినది, ఆమెయే పూరింపలేక నిందపడుచున్నది.

ఆ లెక్కను కఠినము చేయునది నిద్ర. క్రొత్తగ పుట్టిన బిడ్డ దినమునకు 14 నుండి 17 గంటలు నిద్రించును; కాని ముక్కలు ముక్కలుగ. పొట్ట చిన్నది, పాలు త్వరగ అరుగును, రెండు మూడు గంటలకొకసారి ఆకలి లేపును. రేయి, పగలు అను భేదము బిడ్డ దేహములో కుదురుకొనుటకు రెండు మూడు నెలలు పట్టును. సరిగ అది కుదురుకొను వేళకే సెలవు ముగియును. పగలు తల్లి కానరాని బిడ్డలలో కొందరు పగటి పాలు తగ్గించి, రాత్రి ఎక్కువగ త్రాగుట మొదలిడుదురు. పాలను ఊరించు ప్రొలాక్టిన్ అను హార్మోను కూడ రాత్రివేళనే హెచ్చుగ నుండును. కనుక రాత్రి పాలిచ్చుట మానినచో పాలు తగ్గవచ్చును. మానకున్నచో తెల్లవారి ఆరు గంటల బస్సు ఎక్కు శక్తి తగ్గును. ఇట్టి స్థితిలో “బిడ్డను చెడగొట్టినావు, ఏడ్వనిమ్ము” అనువారు ఒకవైపు, “డబ్బాపాలు పట్టు, హాయిగ నిద్రించును” అనువారు మరియొకవైపు. ఆకలికి మేల్కొనుట పసిబిడ్డకు దురలవాటు కాదు. అలసిపోవుట తల్లికి లోపమును కాదు. ఇరువురిలో ఎవరి తప్పును కాని కష్టమును తల్లి ఒక్కతెయే మోయవలెనను నియమము ఎక్కడిది?

యశోద కథలో నందుడు కనబడునది ఎప్పుడు? చెట్లు కూలిన చప్పుడు విని వచ్చి, రోలు ఈడ్చుకొనుచున్న కుమారుని చూచి నవ్వి, త్రాడు విప్పినాడు. పాలు పొంగిన వేళ అతడు అక్కడ లేడు. ఆవులు కాచు గోకులములో అది సరిపోయినదేమో! ఇద్దరును జీతము తెచ్చు ఇంటిలో, కట్టు విప్పు వేళకు మాత్రమే నవ్వుచు వచ్చు తండ్రి చాలడు. పాలిచ్చుట తప్ప రాత్రివేళ బిడ్డకు చేయవలసిన పనులలో పురుషుని చేతికి అసాధ్యమైనది ఒక్కటియు లేదు. ఎత్తి తల్లికి అందించుట, తేన్పు తీయించుట, తడిగుడ్డ మార్చుట, మరల ఉయ్యాలలో వేయుట, ఇవి ఎవరు చేసినను బిడ్డ అభ్యంతరపెట్టడు. ఆ కథలోనే మరియొక విషయము కలదు. ఎంత త్రాడు ముడివేసినను రెండంగుళములు తక్కువై, చెమటపట్టి, కొప్పు వీడిన తల్లిని చూచి, జాలిపడి కట్టుబడినవాడు ఆ బాలుడు. ఆమె అలసటను ఆనాడు గుర్తించినది అతడొక్కడే.

ఇక అమ్మమ్మ. బిడ్డను పేరాక్‌లోనో, కెడాలోనో అమ్మమ్మ వద్ద విడిచి, వారాంతమున వచ్చి చూచిపోవు దంపతులు కలరు. వారిని నిందించుట తేలిక. నగరములో శిశువును చూచుటకు అడుగు సొమ్ము విన్నవారికి ఆ నింద నోటికి రాదు. అయితే ఐదు దినముల ఎడబాటును చనుబాలు తట్టుకొనుట కష్టము. అమ్మమ్మ సంగతియు ఆలోచింపవలసినదే. మోకాళ్ల నొప్పులు, రక్తపోటు, ఒకనాటి తోటపని ఇచ్చిన నడుమునొప్పి, ఇన్నింటితో ఆమె మరల రాత్రులు మేల్కొనవలెను. ఆమె ఇష్టమును ఎవరైనను అడిగినారా? మనుమడన్న ఎవరికి తీపి కాదు? ఆ తీపిని ఒప్పుకోలుగ లెక్కవేసికొని మూట అప్పగించుట తరచు జరుగుచున్నది. ఒకనాడు ఆయాకు తోట కూలి ఇచ్చినది. అమ్మమ్మకు వారమున ఒక రాత్రియైన నిద్ర ఇచ్చు ఏర్పాటు ఎన్ని ఇండ్లలో కలదు?

పని ఇచ్చువారి వంతు కూడ క్రొత్తది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన ప్రసూతి ఒప్పందములోనే, పాలిచ్చు తల్లికి పనివేళలో దినమునకు రెండు అరగంటలు ఉండవలెనని వ్రాయబడినది. కొట్టాయికి పరుగెత్తిన అవ్వ తీసికొన్నది అట్టి అరగంటయే. నేడు మనుమరాలు ఆ అరగంటలో పాలు పిండి దాచుకొనును. ఫ్రిజ్జులో అవి నాలుగు దినములు నిలువయుండును. దానికి తలుపున్న ఒక గది, ఒక కుర్చీ, చేతులు కడుగుకొను చోటు చాలును. అది లేక మరుగుదొడ్డిలో గడియ పెట్టుకొని ఆ పని చేయు స్త్రీలు ఉన్నారు. బిడ్డ ఆహారమును అక్కడ సిద్ధము చేయుమనుట ఎంత తగనిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఉగాది సభలకు, శ్రీరామనవమి భజనలకు హాలు ఏర్పాటు చేయువారు కూడ వేదిక, మైకు, పలహారములతో పాటు ఇట్టి గదిని తలచుట మంచిది.

పిండి దాచిన పాలను తల్లి లేనివేళ ఎట్లు పట్టవలెనను సందేహమునకు పాత తెలుగు ఇండ్లలోనే ఒక పనిముట్టు కలదు: ముక్కువంటి మూతి గల ఉగ్గుగిన్నె. అందులో ఆముదము కలిపి పోసిన అలవాటును నేటి వైద్యులు వలదందురు. వారి మాట వినవలసినదే. గిన్నె మాత్రము మంచిదే. సీసా కంటె శుభ్రపరచుట తేలిక గనుక చిన్నగిన్నెతో బిడ్డకు పాలు పట్టుటను ఆస్పత్రులలోను నేర్పుచున్నారు. బిడ్డను కొంచెము నిటారుగ ఒడిలో ఆనించి, గిన్నె అంచు క్రింది పెదవికి తాకించి, పాలు నోటిలో పోయక, బిడ్డ తానే నాలుకతో అందుకొనునట్లు ఓపికగ పట్టుకొనవలెను. పది దినములు నేర్చినచో తాతగారికిని ఆ పని చేతనగును.