తెలియదని చెప్పగల ధైర్యము

ప్రశ్నోపనిషత్తునందలి ఆఱవ ప్రశ్నలో చిన్న వృత్తాంతమొకటి కలదు. కోసల రాజకుమారుడగు హిరణ్యనాభుడు భరద్వాజ పుత్రుడైన సుకేశుని కడకు వచ్చి, పదునాఱు కళలుగల పురుషుని ఎఱుగుదువా యని అడిగెను. ఎఱుగనని సుకేశుడు బదులు చెప్పెను. తెలిసియుండిన చెప్పకపోవుటకు కారణము లేదనియు, అసత్యమాడువాడు సమూలముగా శుష్కించిపోవుననియు, అందుచే తాను కల్లలాడజాలననియు విన్నవించెను. రాజకుమారుడు మాఱుమాటాడక రథమెక్కి వెడలిపోయెను. సుకేశుడు మాత్రము ఆ ప్రశ్నను మఱువలేదు. దానిని హృదయమున మోసికొని పిప్పలాద మహర్షిని ఆశ్రయించెను. తెలియదన్న మాటయే అతనికి జ్ఞానద్వారమయ్యెను.

నేడు మన దేశమున లక్షలాది యువతీయువకులు సుకేశునివలె ప్రశ్న ఎదుట కూర్చుండుచున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమునకై జరుగు ఇంటర్వ్యూ విచిత్రమైన పరీక్ష. మొదట కంప్యూటరుపై వ్రాతపరీక్ష నడచును. అందు నెగ్గినవారిని గంటసేపు చొప్పున పలుమాఱులు ప్రశ్నింతురు. గొలుసువలె కూర్చిన జాబితాను వెనుకనుండి ముందునకు త్రిప్పుమనియో, సంఖ్యల వరుసలో నిర్ణీతమైన మొత్తమునిచ్చు రెండింటిని కనుగొనుమనియో అడుగుదురు. అభ్యర్థి తన ఆలోచనను పైకి చెప్పుచునే ప్రోగ్రాము వ్రాయవలెను. అంశములు పదిరెట్లైనచో పట్టు కాలము పదిరెట్లే పెరుగునా, నూఱురెట్లా యని పిమ్మట మఱియొక ప్రశ్న వచ్చును. ఏండ్ల తరబడి పనిచేసిన నిపుణులు సైతము ఇచ్చట తడబడుదురు. హోంబ్రూ అను ప్రసిద్ధ సాధనమును నిర్మించిన మాక్స్ హవెల్, వృక్షాకారముననున్న దత్తాంశమును త్రిప్పివేయు ప్రోగ్రామును బోర్డుపై వ్రాయలేకపోవుటచే గూగుల్ సంస్థ తనను తిరస్కరించినదని 2015లో బహిరంగముగా వ్రాసికొనెను.

ఇట్టి పరీక్షకు భయపడి కొందఱు అడ్డదారులు త్రొక్కుచున్నారు. చేయని ఉద్యోగమును చేసినట్లు రెజ్యూమేలో వ్రాయువారు కలరు. తమకు బదులుగా మఱియొకనిచే సమాధానములు చెప్పించువారును కలరు; దీనికి ప్రాక్సీ యని పేరు. కృత్రిమ మేధ అందించు జవాబును తెరపై రహస్యముగా చూచి, తన ఆలోచనవలె చదువువారును ఇటీవల బయలుదేరిరి.

మాకు పరిచితుడైన ఒక యువకుడు హైదరాబాదులోని అమీర్‌పేటలో శిక్షణ పొందుచుండెను. తండ్రి ఋణము చేసి అతనిని చదివించెను. మూడేండ్ల అనుభవమును రెజ్యూమేలో చేర్చుమని అచ్చటివారు సలహా నిచ్చిరి. అతడు మా యొద్దకు వచ్చి, "అయ్యా! అనుభవము లేనివానికి పని ఇయ్యరు. పని ఇయ్యనిదే అనుభవమెట్లు వచ్చును? తలుపే అబద్ధముతో తెఱచుకొనునప్పుడు దోషము నాదా?" అని అడిగెను.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆకలిగొన్నవానికి నీతి బోధించుట సులభము. కాని ఉపనిషత్తు ఆకలిని ఎఱుగనిది కాదు. ఛాందోగ్యమున ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. వడగండ్లచే కురుదేశమున పంటలు నశింపగా, అతడు భార్యతో కడు పేదఱికమున నుండెను. ఒక మావటి మినుములు తినుచుండగా చూచి, అవి ఎంగిలియైనను యాచించి భుజించెను. త్రాగుటకు అతడు నీరు ఈయబోగా మాత్రము ఎంగిలియని నిరాకరించెను. మినుములు లేనిచో ప్రాణము నిలువదు, నీరు కోరినచోట దొరకునని అతని వివరణ. ఆపద నియమమును సడలించును. ఐనను ఎంతవఱకు అవసరమో అంతవఱకే సడలించును.

అల్పవేతనమునకు కుదురుకొనుట, చదువునకు తగని పనిని కొంతకాలము చేయుట, తనకంటె చిన్నవారి క్రింద పని నేర్చుకొనుట ఇవి ఉషస్తి తిన్న మినుముల వంటివి. వీనివలన అభిమానము తగ్గునేగాని ఎవ్వరికిని హాని లేదు. నకిలీ అనుభవము అట్టిది కాదు. నిజము వ్రాసిన మఱియొక పేద విద్యార్థి కూర్చుండవలసిన స్థానమును అది అపహరించును. అంతటితో ఆగక, ఆ అబద్ధమును ప్రతిదినము పోషింపవలెను. పని రాకున్నను వచ్చినట్లు నటింపవలెను. సంస్థలు భవిష్యనిధి ఖాతా లెక్కలతో పూర్వోద్యోగములను సరిచూచునప్పుడు గుండె దడదడలాడవలెను. శుష్కించుట యనగా ఇదియే కాదా? చెట్టు పైకి పచ్చగా నుండును, వేరు ఎండుచుండును.

ఆ యువకుడు లేని ఏండ్లను తొలగించెను. తరువాతి రెండు ఇంటర్వ్యూలలో తెలియని ప్రశ్నకు తెలియదనియే చెప్పెను. రెండింటను అతనిని తీసికొనలేదు. చాలకాలమునకు ఒక చిన్న సంస్థలో కొద్దిజీతముపై చేరెను. అబద్ధమాడిన స్నేహితులు అతనికంటె ముందుగా, అధికమైన జీతములతో కుదిరిరి. ఈ సంగతిని దాచుట మాకు తగదు. సత్యము ఉద్యోగము సంపాదించు ఉపాయము కాదు. ఉపాయమని ఆచరించువాడు ఫలము కనబడని దినముననే దానిని విడిచివేయును. సత్యమునకు ఫలము సత్యవంతుడగుటయే. ఐనను తెలియదనుటతో కర్తవ్యము తీఱదు. ఇంతవఱకు తెలియును, ఇచ్చటినుండి తెలియదు, ఇట్లు ఆలోచించి చూచెదనని చెప్పువాడే నిజమైన విద్యార్థి. ఇంటికి వచ్చి ఆ ప్రశ్నను సుకేశునివలె వెంటాడవలెను.

ప్రశ్నించువారికిని ఒక ధర్మము కలదు. ఉషస్తి కథ మినుములతో ముగియలేదు. మఱునాడతడు రాజు చేయు యజ్ఞమునకు పోయి, తాము గానము చేయు స్తోత్రమునకు అధిదేవత యెవరో తెలియునా యని ఋత్విజులను ప్రశ్నించెను. వారెఱుగరు. గానమాపి మౌనము వహించిరి. రాజు ఉషస్తినే కర్మ నిర్వహింపుమని కోరగా, అతడు వారిని వెడలగొట్టలేదు. వారే గానము చేయుదురుగాక, వారికిచ్చునంత ధనమే తనకును ఇమ్మనెను. పిమ్మట వారికి ఆ దేవతలను తెలిపెను. ఎదుటివాని అజ్ఞానమును బయటపెట్టుట పాండిత్యము, దానిని తొలగించుట ఆచార్యత్వము. అభ్యర్థిని కలవరపెట్టుటకే ప్రశ్న వేయువాడును, ఫలితమును తెలుపక నెలలు గడపువాడును ఆ క్షణమున తామే పరీక్షలో తప్పుచున్నారు.

తిరస్కరింపబడిన వారికి ఒక మాట. 1884లో తండ్రి మరణింపగా, నరేంద్రుడు కలకత్తా వీధులలో మండుటెండయందు, కాళ్ళకు చెప్పులు లేక, ఆకలితో, దరఖాస్తు చేతబట్టి కార్యాలయము నుండి కార్యాలయమునకు తిరిగెను. ప్రతి తలుపును మూయబడెను. ఆ అధికారులు చూచినది ఉద్యోగము కోరి వచ్చిన ఒక పేద యువకుని. వారి తలుపులు మూసికొన్నంత మాత్రమున అతనిలోని వివేకానందుడు తగ్గిపోలేదు. గంటసేపటి ప్రశ్నలు ఒక నైపుణ్యమును కొలువవచ్చును, అదియు కొంతవఱకే. ఆత్మను కొలుచు కొలబద్ద ఏ సంస్థయొద్దను లేదు.

కావున యువకులారా! శ్రద్ధతో అభ్యసింపుడు, నిర్భయముగా ప్రశ్నను ఎదుర్కొనుడు. తెలిసినది వినయముతో చెప్పుడు, తెలియనిది సిగ్గుపడక ఒప్పుకొనుడు. ఉద్యోగము దొరకిన దినమునను, దొరకని దినమునను ఇల్లు చేరి తల్లిదండ్రుల ముఖము నిస్సంకోచముగా చూడగలిగితిరేని, మీ వేరు పచ్చగానున్నదని తెలిసికొనుడు.