గడప అవతల

గంపలగూడెంలో మా అమ్మమ్మ రోజూ ఇశ్రాయేలు కోసం ప్రార్థించేది. ఆమెకది బైబిల్లోని వాగ్దాన భూమి. అంటరానితనం లేని చోటు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము 'బెనె ఎఫ్రాయిమ్' యూదులమని ప్రకటించుకుని 1991లో సినగాగ్ పెట్టుకున్నాయి. ఇజ్రాయెల్‌కి 'తిరిగి' వెళ్ళాలన్నది వాళ్ళ కోరిక. ఊరి చివరికి నెట్టబడ్డవాళ్ళ ఆ ఆశని నేను తప్పు పట్టలేను. యూరప్‌లో ఊచకోతలకి గురైన యూదులకీ ఆశ్రయం కావలసిందే.

కానీ ఆ నేల ఖాళీగా లేదు. 1917లో బాల్ఫర్ ప్రకటన ద్వారా బ్రిటన్ అక్కడ యూదులకి జాతీయ నివాసం వాగ్దానం చేసినప్పుడు, జనాభాలో దాదాపు తొంభై శాతమున్న అరబ్బులని ఎవరూ అడగలేదు. 1948 యుద్ధంలో ఏడు లక్షలమందికి పైగా పాలస్తీనియన్లు నిరాశ్రయులయ్యారు. 1950 నాటి ఇజ్రాయెల్ చట్టం ఏ దేశపు యూదులకైనా అక్కడికి 'తిరిగొచ్చే' హక్కునిచ్చింది. ఇంటి తాళంచెవి దాచుకున్న పాలస్తీనా స్త్రీకి మాత్రం ఆ ఇంటికి వెళ్ళే హక్కు లేదు.

ఒకరి ఆత్మగౌరవం మరొకరి గడప దాటించే రావాలా? అమ్మమ్మ ఉంటే అడిగేదాన్ని, నీ ప్రార్థనలో ఆమెకి చోటుందా అని. ఉందనే అనేది. పోరంబోకులో వేసుకున్న గుడిసె పీకేసిన రోజుని ఆమె చివరిదాకా మర్చిపోలేదు.