పాత పటము అడిగే ప్రశ్న



ఇటీవల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘ యౌవనస్థుడొకడు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, పాత తంజావూరు పటములు, అద్దపు పటములు కొని దాచుకొనుట నాకు ఇష్టము. విశ్వాసి ఇంట అటువంటివి ఉండవచ్చునా?" అని అడిగాడు. దగ్గరనున్న పెద్ద ఒకరు, "వాటిలో దేవతా రూపములుంటవి, వద్దు" అన్నారు. మరొకరు, "పూజించనప్పుడు అది కళయే గదా" అన్నారు. వాదము చాలాసేపు సాగినది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే నాకొక సంగతి తట్టినది. పటములో ఎవరున్నారని అందరమూ అడిగాము. అది ఎవరి చేతినుండి వచ్చినదని ఒక్కరమూ అడుగలేదు.

మొదటి ప్రశ్నను నేను తేలికగా తీసుకొనుట లేదు. విగ్రహార్పితమైన భోజనమును గూర్చి కొరింథు సంఘమునకు వ్రాస్తూ, బలహీనుడైన సహోదరుని మనస్సాక్షిని తలంచవలెనని పౌలు బోధించాడు. మన గోడమీది పటము మరొకనికి అభ్యంతరమైతే దానిని తీసివేయుటే ప్రేమ.

అయితే చేతిపనిని చూచి ఆనందించుట పాపమని నేననను. ప్రత్యక్షపు గుడారపు పనికి బెసలేలును జ్ఞానముతో నింపినవాడు దేవుడే. తంజావూరు పటము మన తెలుగువారికి పరాయిది కూడా కాదు. నాయక రాజుల కాలములో తెలుగు ఆస్థాన భాషగా వెలసిన ఊరది. ఈ పటములు వ్రాసిన రాజుల కుటుంబములలో తెలుగు మాటలాడువారు అనేకులు. చెక్కమీద బట్ట అంటించి, సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దతో నగలను, స్తంభములను ఎత్తుగా తీర్చి, గాజురాళ్లు పొదిగి, బంగారు రేకు అద్దుతారు. దీపపు వెలుగులో అది మెరుస్తుంటే ఎవరికి ముచ్చట కలుగదు?

ముచ్చట ఎక్కడికి దారితీయునో చూడండి. తంజావూరు రెండవ శరభోజి మహారాజు పేరు మీరు విని ఉంటారు. బాల్యములో ఆయనకు సంరక్షకుడై విద్య చెప్పించినవాడు ష్వార్ట్జ్ మిషనరీ. 1798లో ష్వార్ట్జ్ మరణించిన తరువాత శరభోజి ఆయన జ్ఞాపకార్థము ఇంగ్లాండులో ఫ్లాక్స్‌మన్ అను శిల్పిచేత పాలరాతి ఫలకము చేయించి తంజావూరు చర్చిలో పెట్టించాడు. ఆ శరభోజియు, ఆయన కుమారుడు శివాజీయు ఉన్న ఒక పాత పటమును అమెరికాలో సేలం పట్టణమందలి పీబడీ ఎసెక్స్ మ్యూజియం 2006లో న్యూయార్క్ వర్తకుని వద్ద 35,000 డాలర్లకు కొన్నది. అది దొంగసొత్తని తెలిసి 2015లో అమెరికా ప్రభుత్వ అధికారులకు అప్పగించినది. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయమునుండి పోయిన పటమే అదని తమిళనాడు పోలీసులు 2022లో తెలిపారు.

అదే గ్రంథాలయమునుండి 2005లో మరొకటి పోయినది. తరంగంబాడిలో జీగెన్‌బాల్గ్ 1715లో అచ్చు వేయించిన తమిళ క్రొత్త నిబంధన ప్రతి అది. లండనులోని ఒక సంగ్రహములో అది కనబడినదని 2022లోనే ప్రకటించారు. పటములు, విగ్రహములు పోతే మనకేమి అనుకొనువారము ఇక్కడ ఆగి ఆలోచించవలెను. పాత వస్తువుమీద ఆశపడినవాడు దేవతల పటమని, దేవుని వాక్యమని భేదము చూడడు. కొనువాడు ప్రశ్న వేయడను ధైర్యముతోనే దొంగ చేయి చాచును.

ఇంత చెప్పిన నేను నా సంగతి దాచుట న్యాయము కాదు. 1989లో, ఉపాధ్యాయునిగా క్రొత్తగా పనిచేయు దినములలో, మా వీధిలోని ఒక వృద్ధురాలు ఇల్లు ఖాళీచేసి కుమారుని వద్దకు పోతూ సామాను అమ్మినది. అందులో ఒక తంజావూరు పటమున్నది. "మాస్టారూ, నాలుగు వందలు ఇప్పించండి" అన్నది. దాని విలువ ఎంతో ఎక్కువని నాకు తెలుసు. ఆమెకు తెలియదు. అయినా బేరమాడి రెండు వందల యాభైకి తెచ్చుకొన్నాను. నెల తిరుగకముందే ఒక వ్యాపారి ఆరు వేలిస్తానన్నాడు. నేను అమ్మలేదు గాని, ఆ మాట ఇంటికి వచ్చిన వారందరికీ గొప్పగా చెప్పుకొన్నాను. కొన్నేండ్లకు సండేస్కూలు పిల్లలకు జక్కయ్య పాఠము చెప్పుతూ, అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలన్న చోట నాకు నోట మాట రాలేదు.

ఆమె కుమారుని విలాసము తెలియుటకు రెండేండ్లు పట్టినది. పటము తీసుకొని వెళ్లాను. ఆమె అప్పటికే చనిపోయినది. "అమ్మ మిమ్మల్ని ఏనాడూ తప్పు పట్టలేదండి. ఆ పటము గురించి మాత్రము అప్పుడప్పుడు అడిగేది" అన్నాడు. పటము అక్కడ పెట్టి వచ్చాను. నాలుగంతలు ఇచ్చినా తీసుకొనవలసిన మనిషి లేదు.

కావున ఆ యౌవనస్థునికి నేను చెప్పినదిది. వంద ఏండ్లు దాటిన పటములను 1972 నాటి పురావస్తువుల చట్టము కాపాడుచున్నది. వాటిని అమ్మువానికి లైసెన్సు ఉండవలెను, వ్యక్తులు వాటిని దేశము దాటించరాదు. గనుక లైసెన్సు చూడు, రసీదు అడుగు, ముందు ఎవరి ఇంట ఉన్నదో విచారించు. జవాబు సరిగా రాకపోతే ఎంత అందమైనదైనా విడిచిపెట్టు. అమ్మువాడు బీదవాడై, ధర తెలియనివాడైతే, అతనికి తెలియని ధర నీవే చెప్పు. చట్టము నిన్ను దీనికి బలవంతపెట్టదు. ప్రభువునెదుట నిలుచునప్పుడు మాత్రము ఇది లెక్కకు వచ్చును.

యథార్థమైన మనస్సును ప్రభువు మనకందరికీ దయచేయును గాక.