తాళం మనది, గడువు ఎవరిది?



మొన్న మన ఛానెల్‌లో పాదుకా పట్టాభిషేకం వీడియో చూశారు కదా. అది ఎడిట్ చేస్తుంటే అందులో ఒక మాట నన్ను పట్టుకుంది. "న్యాసం". అంటే ఒకరు మనల్ని నమ్మి దాచమని అప్పజెప్పినది. ఈ పోస్టు దాని గురించే. కానీ కథ మా ఇంట్లో టీవీ దగ్గర మొదలైంది.

నేను హనుమకొండలో ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. ఒకరోజు అమ్మ భద్రకాళి గుడికి వెళ్లొచ్చి టీవీ పెట్టింది. అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తోందని వార్త. "అది వస్తే మన బ్యాంకుల పైసలు పోతయా బిడ్డా?" అని అడిగింది. "ఇప్పట్ల ఏం గాదమ్మా" అన్నాను. చెప్పింది నిజమే. కానీ ఆ "ఇప్పట్ల" అన్న మాట నాకే గుచ్చుకుంది.

ఎందుకో చెప్తాను. 13ని 17తో గుణించమంటే 221 అని చెప్పేస్తాం. 221 ఏ రెండు సంఖ్యల గుణకారం అంటే కాసేపు ఆలోచించాలి. సంఖ్య 600 అంకెలు దాటితే ఈనాటి ఏ కంప్యూటర్ వల్లా కాదు. ఆర్‌ఎస్‌ఏ అనే డిజిటల్ తాళం ఈ కష్టం మీదే నిలబడింది. పెద్ద క్వాంటం కంప్యూటర్ అంటూ ఉంటే ఈ లెక్క తేలికగా తెగుతుందని 1994లో పీటర్ షోర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు చూపించాడు.

అంత పెద్దది ఇంకా ఎక్కడా లేదు. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ కలిసి అమరావతికి ప్రకటించిన యంత్రంలో ఉండేవి 156 క్యూబిట్లు. క్యూబిట్ చాలా సున్నితం, కాస్త వేడి తగిలినా లెక్క చెడుతుంది. ఆ తప్పులు దిద్దడానికే బోలెడు క్యూబిట్లు కావాలి. తాళం విరగడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ మరొకరితో కలిసి అంచనా వేశాడు. 2025లో ఆయనే 10 లక్షల లోపు చాలన్నాడు. యంత్రం ఇంకా దూరంలోనే ఉంది, కానీ దూరం తగ్గుతోంది.

అసలు చిక్కు ఇక్కడే. ఈ రోజు నెట్‌లో తాళం వేసి పంపిన సమాచారాన్ని ఎవరైనా ఇప్పుడే కాపీ చేసి దాచుకోవచ్చు. తాళం విరిగే రోజు వచ్చాక తెరుచుకోవచ్చు.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ప్రాజెక్టులో రోగుల రిపోర్టులు ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లేవి. "ఈ డేటా ఎన్నేళ్లు రహస్యంగా ఉండాలి?" అని ఫారంలో ఒక గడి ఉంది. కాంట్రాక్టు ఎంతకాలమో చూసి "5" అని కొట్టేశాను. రెండు సెకన్ల పని. కానీ ఒక అమ్మాయి మానసిక వైద్యానికి వెళ్లిన సంగతి, ఒకాయన హెచ్‌ఐవీ రిపోర్టు అయిదేళ్లకు పాతబడతాయా? వాళ్లు బతికున్నంత కాలం అది వాళ్ల పరువు.

అప్పట్లో నా వాదన నాకుంది. ఆ యంత్రం వస్తుందో రాదో. వచ్చేనాటికి నేను ఆ కంపెనీలో ఉండను. ఎవరికీ తెలియదు. కొత్త తాళాలకు ఖర్చు కూడా. ఇవన్నీ అబద్ధాలు కావు. అందుకే ప్రమాదం.

ఇప్పుడు భరతుణ్ని చూడండి. రాజ్యం ఆయన చేతిలో ఉంది. అన్న అడవిలో ఉన్నాడు, తిరిగొస్తాడన్న హామీ ఏ అడవీ ఇవ్వదు. అయినా నందిగ్రామంలో ఉండి పద్నాలుగేళ్లు కాపాడి, కోశాన్ని పదింతలు చేసి అప్పగించాడని వాల్మీకి చెప్పాడు. "నాకు వీలైనంత కాలం" అని ఆయన లెక్క వేసుకోలేదు. నాకు అర్థమైంది ఇదే: గడువు దాచేవాడిది కాదు, నమ్మి అప్పజెప్పినవాడిది.

క్వాంటం అంతా మన వేదాల్లోనే ఉందని నేను అనను, నాకు తెలియనిది చెప్పడం కూడా నమ్మకద్రోహమే. కానీ ఆ యంత్రం మనల్ని అడిగే ప్రశ్న మాత్రం మన పెద్దలు ఎప్పుడో అడిగిందే. పట్టుబడే అవకాశం లేనప్పుడు కూడా మాట నిలబెట్టుకుంటావా?

దారి లేకపోలేదు. క్వాంటం యంత్రానికి కూడా లొంగకుండా రూపొందించిన కొత్త తాళాల ప్రమాణాలను అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో విడుదల చేసింది. ఆ గడిలో నా అంకె మార్చమని, కొత్త తాళం పెట్టమని మెయిల్ రాశాను. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను.

మీరు ఇంజనీరు కానక్కర్లేదు. పక్కింటావిడ ఏడుస్తూ చెప్పుకున్న మాట, చుట్టాల అబ్బాయి స్కాన్ రిపోర్టు ఫొటో, ఇవీ న్యాసాలే. వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. అది మనది కాదు, మన దగ్గర ఉంది అంతే.

జై శ్రీరామ్. జై భద్రకాళీ మాత.