రేవు ఒడ్డున రెండు కట్టడములు

పోర్ట్ లూయీ రేవు ఒడ్డున రెండు పాత కట్టడములు దాదాపు పక్కపక్కనే ఉన్నవి. ఒకటి మన పూర్వులు మెట్లెక్కి వచ్చిన ఆప్రవాసీ ఘాట్. రెండవది పూర్వపు సైనిక వైద్యశాల. మొదటిదానికి మనము చేతులు జోడించుట సహజము. రెండవదానితో మనకేమి సంబంధమని కొందరు అడుగుతారు. పూర్వుల ఋణము మన వంశముతోనే ఆగిపోతుందా అన్నదే ఈ ప్రశ్నకు మూలము.

వయస్సులో పెద్దది వైద్యశాల. ఫ్రెంచివారి పాలనలో, మహే ద లాబుర్దొన్నే గవర్నరుగా ఉన్న కాలములో, సుమారు 1740లో దానిని కట్టించారు. ఆనాటి నగరము బానిసల శ్రమతో లేచినది. వారిని మొజాంబిక్, మడగాస్కర్ తీరముల నుండి తెచ్చారు. కొందరిని భారతదేశము నుండి కూడ తెచ్చారు.

1835 ఫిబ్రవరి 1న ఈ ద్వీపములో బానిసత్వము రద్దయినది. చెరకు తోటలకు పనివారు కావలసి వచ్చినందున, 1834 నుండే భారతదేశపు ఒప్పంద కూలీలను ఓడలలో దింపసాగారు. 1849లో ఘాట్ వద్ద వలసదారుల డిపో ఏర్పడినది. దాదాపు ఐదు లక్షల మంది ఈ ద్వీపమునకు వచ్చారు. వారిలో కోరంగి రేవు నుండి బయలుదేరిన తెలుగువారు ఉన్నారు. అందుకే ఇక్కడ మనవారికి ఆ రేవు పేరే పిలుపుగా నిలిచినది. ఆనాటి డిపోలో నేడు మిగిలినది కొద్ది భాగమే. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఈ రెండు కష్టములు ఒకటేనని చెప్పుట సత్యము కాదు. మన పెద్దలకు ఒప్పందములో గడువు ఉన్నది, కూలి ఉన్నది. కొందరు స్వదేశమునకు తిరిగి వెళ్ళారు కూడ. బానిసకు ఇవేవీ లేవు. మరొక భేదము కూడ ఉన్నది. మన పెద్దల పేర్లు, సంఖ్యలు, ఓడల వివరములు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. మనము వెదకి ముత్తాత పేరు చదువుకొనగలము. బానిసలలో చాలమందికి మిగిలినది యజమాని పెట్టిన పేరే.

"మన పెద్దలను తలచుకొనుటకే తీరిక లేదు, ఇతరుల పెద్దలను ఎట్లు తలచగలము?" అనువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. పిల్లలకు మన కథ చెప్పనిచో మరెవ్వరూ చెప్పరు. అయినను మన ఆచారమే ఇందుకు ఒక సమాధానము ఇచ్చినది. తర్పణము చేయువారు తండ్రికి, తాతకు, ముత్తాతకు నీళ్ళు విడిచి అంతటితో లేవరు. తల్లి, తండ్రి, బంధువు అని చెప్పుకొనుటకు ఎవ్వరూ లేనివారికి కూడ చివర నీరు విడుస్తారు. ఆ నీటికి గోత్రముతో పని లేదు.

ఆ పాత వైద్యశాలలో 2023 నుండి బానిసత్వ చరిత్ర ప్రదర్శనశాల నడుచుచున్నది. నవంబరు 2న పిల్లలను ఘాట్ మెట్ల వద్దకు తీసుకొని వెళ్ళుదము. ఫిబ్రవరి 1 సమీపించినప్పుడు, అదే పిల్లలను ఆ రెండవ కట్టడములోనికి కూడ తీసుకొని వెళ్ళుదము. అక్కడ ఎవరి పేరైనా వ్రాసి ఉన్నచో, ఆ పేరును వారిచేత పైకి చదివించుదము.